లూర్ల పురాణం: మస్కీ వేట పుస్తకాలపై ఒక అభియోగం

ఉత్తర అమెరికాలో మస్కీ చేప వేట గురించి వెలువడిన పుస్తకాలకు కొదవ లేదు. నేను చదివినవాటిలో అత్యధిక భాగం ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. మొదట ఒక మహామత్స్యం కథ వస్తుంది. ఆ వెంటనే దాన్ని పట్టిన లూర్ పేరు, పొడవు, రంగు వస్తాయి. ఆపైన అలాంటి లూర్లు మరో యాభై, నిగనిగలాడే ఛాయాచిత్రాలతో సహా బారులు తీరుతాయి. ఆ లూర్‌ను నీటిలో ఎలా నడిపించాలి, పడవ దగ్గరికి వచ్చాక ఏం చేయాలి, చిక్కిన చేపను ప్రాణంతో ఎలా వదలాలి అనే సంగతులు మాత్రం పుస్తకం చివర, తోకపత్రంలాగా, నాలుగైదు పేజీల్లో ముగిసిపోతాయి. ఈ క్రమం తలకిందులుగా ఉన్నదనీ, ఇందులో అమాయకత్వం ఏమీ లేదనీ, దీనివల్ల పాఠకుడి డబ్బుతోపాటు చేపల ప్రాణం కూడా పోతున్నదనీ ఈ వ్యాసంలో నా వాదన. ఏ ఒక్క పుస్తకాన్నో పేరుపెట్టి నిందించడం నా ఉద్దేశం కాదు. జబ్బు ఒకరిది కాదు, ఊరిది.

మస్కీ గురించి తెలుగు పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. మస్కెలంజ్ అన్నది దాని పూర్తి పేరు. పైక్ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద చేప. మహాసరస్సులు, సెయింట్ లారెన్స్ నది, మిసిసిపీ ఎగువ పరీవాహకం దాని స్వస్థలాలు. విస్కాన్సిన్ రాష్ట్రం 1955లో దాన్ని తన రాష్ట్ర మత్స్యంగా ప్రకటించుకున్నది. మన కొర్రమీనులాగే ఇది కూడా నాచుమొక్కల అంచున కదలకుండా పొంచి ఉండి, ఒక్క ఉదుటున మీదపడే జాతి. అయితే మన చెరువుల్లో కొర్రమీను దొరికినంత సులభంగా ఇది దొరకదు. ఎకరం నీటికి ఒక పెద్ద మస్కీ ఉన్నా ఆ సరస్సు సమృద్ధమైనదనే లెక్క. 50 అంగుళాల పొడవు, అంటే 127 సెంటీమీటర్లు, పెరగడానికి పదిహేనేళ్లు పట్టడం సాధారణం. దీన్ని ‘పదివేల విసుర్ల చేప’ అంటారు. ఆ పదివేలు ఎవరూ లెక్కపెట్టిన సంఖ్య కాదు, నిట్టూర్పుకు పెట్టుకున్న పేరు. ఇక లూర్ అంటారా, చేప తినడానికి పనికివచ్చేది ఎర. తినేదానిలా నటించేది లూర్. కర్ర, లోహం, రబ్బరు, జంతువుల వెంట్రుకలతో కట్టిన వేషం అది.

వేషం అన్న మాటను కావాలనే వాడుతున్నాను. మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా విభజించి, వేషభూషలను ఆహార్యమన్నది, అంగాల కదలికను ఆంగికమన్నది. లూర్ రంగు, కళ్లు, పొలుసుల చిత్రణ ఆహార్యం. దారం చుట్టే తీరు, గాలపు కర్రను కదిలించే తీరు, ఆపే తీరు ఆంగికం. నేను పైన చెప్పిన పుస్తకాలు రంగస్థలం గురించి రాస్తూ కిరీటాల కొలతలతో మూడువందల పేజీలు నింపి, నటుడి నడక గురించి మూడు పేజీలు రాసినట్లున్నాయి.

ఇప్పుడు వాళ్ల వాదనా పద్ధతిని చూద్దాం. “నా చేపల్లో పదింట ఎనిమిది నల్ల బక్‌టెయిల్‌కే పడ్డాయి, కాబట్టి నల్ల బక్‌టెయిలే ఉత్తమం” అన్నది ఈ గ్రంథాలన్నిటికీ మూలసూత్రం. ఈ వాక్యంలో ఒక అంకె ఉన్నది, రెండో అంకె లేదు. ఆ మనిషి నీటి మీద గడిపిన గంటల్లో పదింట ఎనిమిది నల్ల బక్‌టెయిల్‌ను విసురుతూనే గడిపి ఉంటే, ఆ లూర్‌కు ప్రత్యేకమైన శక్తి ఏమీ లేదని అతని లెక్కే చెబుతున్నది. పదింట తొమ్మిది గంటలు దాన్నే విసిరి ఉంటే, అది తక్కినవాటికంటే నాసిరకమని కూడా అదే లెక్క చెబుతుంది. పట్టిన చేపల సంఖ్య లవం. విసిరిన గంటలు హారం. హారం లేని భిన్నాన్ని చూపించి పాఠకుణ్ణి ఒప్పించడం ఈ సాహిత్యానికి అలవాటైపోయింది.

అంతటితో ఆగదు. నల్ల లూర్‌ను సంధ్యవేళ విసురుతారు. సంధ్యవేళ మస్కీ చురుగ్గా ఉండటం మామూలే. అప్పుడు చేపను పట్టింది నలుపా, సంధ్యా? మధ్యాహ్నమంతా ఒక లూర్ విసిరి, విసుగెత్తి, సాయంత్రం మబ్బు కమ్మిన వేళ మరో లూర్ కట్టగానే చేప పడుతుంది. పుస్తకంలో ఆ రెండో లూర్‌కు ఒక అధ్యాయం దక్కుతుంది. మబ్బుకు ఒక వాక్యం కూడా దక్కదు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణాన జరిగితే దాన్ని కాకతాళీయం అన్నారు మనవాళ్లు. కాకి వాలినందువల్లనే పండు రాలిందని పుస్తకం రాసి, ఆ జాతి కాకులను అంగడిలో పెట్టి అమ్మినవాళ్లు మాత్రం మన శాస్త్రాల్లో లేరు.

వైద్యవృత్తిలో ఉన్నవాడికి ఈ ధోరణి కొత్త కాదు. శతాబ్దాల తరబడి వైద్యులు రక్తం తీయించి, బతికిన రోగిని చూపించి, రక్తం తీయడం గొప్ప చికిత్స అని రాసుకున్నారు. 1820ల్లో పారిస్ వైద్యుడు పియర్ లూయీ న్యుమోనియా రోగులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎవరికి ముందు రక్తం తీశారు, ఎవరికి ఆలస్యంగా తీశారు, ఎందరు పోయారు అని పట్టిక వేశాడు. ఆ చికిత్సకు చెప్పుకున్న మహత్తు ఆ పట్టికలో కనిపించలేదు. అప్పటి పెద్దలు అనుభవాన్ని అంకెలతో కొలవకూడదని కోప్పడ్డారు. మస్కీ లూర్ల సాహిత్యం ఈనాటికీ లూయీకి ముందు కాలంలోనే ఉన్నది. బతికిన రోగుల కథలు ఉన్నాయి. పట్టిక లేదు.

లెక్కపెడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఈ వేటలోనే ఉన్నది. చంద్రుడి మీద మస్కీ వేటగాళ్లకు ఉన్న భక్తి అపారం. పౌర్ణమి, అమావాస్య, చంద్రోదయం, చంద్రాస్తమయం అంటూ పంచాంగాలే అచ్చయ్యాయి. 2014లో ప్లోస్ వన్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. మస్కీస్ ఇంక్ అనే సంఘం సభ్యులు దశాబ్దాల పాటు నమోదు చేసిన 3 లక్షల 40 వేలకు పైగా చేపల వివరాలను చాంద్రమాన దినాలతో సరిపోల్చారు. ప్రభావం ఉన్నమాట నిజమే. కానీ ఎంత? మంచి తిథులు చూసుకుని వేటకు వెళ్లేవాడికి సగటున సుమారు 5 శాతం చేపలు ఎక్కువ దొరుకుతాయని తేలింది. పుస్తకాల్లో పర్వతమంత కనిపించిన చంద్రుడు పట్టికలోకి వచ్చేసరికి గులకరాయి అయ్యాడు. లూర్ రంగుల అధ్యాయాలు చదివేటప్పుడు ఈ 5 శాతాన్ని ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

ఈ రచయితలకు పరిశీలన చేతకాదని నేను అనడం లేదు. చేతనవును, అది వేరేచోట ఖర్చవుతున్నది. 1957లో సెయింట్ లారెన్స్ నదిలో ఆర్ట్ లాటన్ పట్టానన్న 69 పౌండ్ల 15 ఔన్సుల మస్కీ చాలా ఏళ్లపాటు ప్రపంచ రికార్డుగా చలామణి అయింది. తర్వాత పాత ఫొటోలను పరిశీలించి, కొలతలు సరిచూసి, 1992లో ఆ రికార్డును రద్దు చేశారు. 1949లో విస్కాన్సిన్‌లోని చిప్పెవా ఫ్లోయేజ్‌లో లూయీ స్ప్రే పట్టిన 69 పౌండ్ల 11 ఔన్సుల చేప మీద కూడా వివాదం ఈనాటికీ చల్లారలేదు. ఒక చచ్చిన చేప పొడవు తేల్చడానికి ఛాయాచిత్రాల మీద స్కేలు పెట్టి కొలిచే ఈ సమాజం, నలభై డాలర్ల లూర్ గురించి చెప్పే కథను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అచ్చువేస్తున్నది. కీర్తి విషయంలో సాక్ష్యం కావాలి. అమ్మకం విషయంలో అక్కర్లేదు. నా అభ్యంతరం అక్కడే.

అయితే లూర్ ఎంపికకు విలువే లేదా? ఉన్నది. ఆ విలువ ఎక్కడున్నదో ఈ పుస్తకాలు చెప్పవు. లూర్‌ను ఎన్నుకోవడమంటే ముందుగా లోతును ఎన్నుకోవడం. రెండోది, వేగాన్ని ఎన్నుకోవడం. మూడోది, అక్కడి నాచులో అది చిక్కుకోకుండా నడవగలదా అని చూసుకోవడం. ఈ మూడింటికీ సమాధానం దొరికాక మిగిలేదే రంగు. నాచుపొదల నెత్తిన రెండడుగుల నీరే ఉంటే దాని మీదుగా బక్‌టెయిల్‌నో, నీటిపైన తేలుతూ చప్పుడు చేసే టాప్‌వాటర్ లూర్‌నో నడిపించాలి. బండరాళ్ల గుట్ట పదడుగుల లోతున ఉంటే దాన్ని తాకగలిగేది పెద్ద మూతిరేకు ఉన్న క్రాంక్‌బెయిట్. చేపలు నాచు వదిలి లోతునీటిలోకి జారుకుంటే బరువైన రబ్బరు లూర్ కావాలి. ఇంతకుమించి దుకాణంలోని మూడువందల పేర్లలో రహస్యం ఏమీ లేదు.

బక్‌టెయిల్ సంగతే తీసుకుందాం. తీగ చుట్టూ తిరిగే లోహపు రేకు, దాని వెనుక జింకతోక వెంట్రుకలు, లేదా ఈ రోజుల్లో మెరుపు పోగులు, ఇదే దాని నిర్మాణం. రేకులో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. కొలరాడో రేకు గుండ్రంగా ఉంటుంది. తీగకు దూరంగా, వెడల్పుగా తిరుగుతుంది. నీటిని గట్టిగా కొడుతుంది. నెమ్మదిగా చుట్టినా తిరుగుతుంది. విల్లోలీఫ్ రేకు సన్నగా ఆకులా ఉంటుంది. తీగకు దగ్గరగా వేగంగా తిరుగుతుంది. నీటి నిరోధం తక్కువ కాబట్టి అదే వేగానికి మరికాస్త లోతున నడుస్తుంది. మురికినీటిలో, చీకట్లో మొదటిది. తేటనీటిలో వేగంగా లాగాలంటే రెండోది. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన ఈ తేడాను వదిలేసి, వెంట్రుకలు నారింజవా పసుపువా అని పది పేజీలు చర్చించడం దేనికి?

నీటి కదలిక ఎందుకు ముఖ్యమో శరీరశాస్త్రం చెబుతుంది. చేప పక్కలంటా పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఉంటుంది. నీటిలోని చిన్న అలజడిని అది పసిగడుతుంది. షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయంలో జాన్ న్యూ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో మస్కీల చూపును, పార్శ్వరేఖను విడివిడిగా పనిచేయకుండా చేసి, వేట తీరును గమనించారు. చూపు లేని మస్కీ ఎర వెంట నెమ్మదిగా కదిలి పొంచడం మానేసింది. కానీ ఎర దగ్గరికి వస్తే మీదికి దూకి కరిచింది. పార్శ్వరేఖ పనిచేయని మస్కీ చూసి వెంబడించింది. కానీ మామూలుకంటే బాగా దగ్గరికి వెళ్లాకే దూకింది. అంటే కంటికి పని ఉన్నది, దాన్ని నేను కాదనను. తేటనీటిలో ముదురు ఆకారం వెలుతురుకు ఎదురుగా స్పష్టంగా కనిపిస్తుందనీ, మురికినీటిలో కొట్టొచ్చినట్లు కనిపించే రంగు కొంత సాయపడవచ్చుననీ ఒప్పుకుంటాను. అందుకు ఒక ముదురు లూర్, ఒక వెలుగు లూర్ చాలు. చివరి ఉదుటుకు ప్రేరణ మాత్రం చూపొక్కటే ఇచ్చేది కాదు, నీటిలో పుట్టే అలజడి కూడా. ఆ అలజడిని పుట్టించేది వేటగాడి మణికట్టు.

ఇక లాగే తీరు. బక్‌టెయిల్ నీటిని తాకిన క్షణమే చుట్టడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే రేకు తిరగకుండా లూర్ నాచులోకి దిగిపోతుంది. వేసవి మధ్యలో ఉపరితలం కింద నీరు ఉబ్బెత్తుగా లేచేంత వేగంగా చుట్టవచ్చు. చల్లటి నీటిలో రేకు తిరగడానికి సరిపోయేంత నెమ్మదిగా చుట్టాలి. ఒకే వేగంతో ఒడ్డు నుంచి పడవదాకా లాగడం యంత్రం పని. రెండు మూడు చుట్ల పాటు వేగం పెంచి మళ్లీ తగ్గించడం, కర్రను పక్కకు తిప్పి లూర్ దారి మార్చడం వేటగాడి పని. వెనక వస్తున్న చేపకు ‘ఇది పారిపోతున్నది’ అనిపించే క్షణాలు అవే.

జెర్క్‌బెయిట్‌కు ప్రాణం లాగడంలో కాదు, ఆపడంలో ఉన్నది. కర్ర కొనను నీటివైపు దించి, జానెడో మూరెడో లాగి, తర్వాత కర్రను ముందుకు తెచ్చి, వదులైన దారాన్ని మాత్రమే చుట్టుకోవాలి. ఆ వదులులోనే లూర్ పక్కకు జారుతుంది, లేదా మెల్లగా పైకి తేలుతుంది. గ్లైడ్‌బెయిట్‌ను ఇంకా సున్నితంగా, చిన్న తట్టులతో, ప్రతి తట్టు తర్వాత దారం వదులు ఇస్తూ నడిపిస్తే కుడికీ ఎడమకీ ఊగుతుంది. బిగించి లాగితే చెక్కముక్కలా వస్తుంది. బరువైన రబ్బరు లూర్‌ను కర్రతో ఊడ్చినట్లు లాగి, కిందికి దిగనివ్వాలి. చేప పట్టేది దిగేటప్పుడే. దారం మరీ వదిలేస్తే పట్టిన సంగతి తెలియదు. మరీ బిగిస్తే లూర్ సహజంగా దిగదు. ఈ రెంటి నడుమ ఉన్న బిగువు తెలియడానికి ఒక సీజన్ పడుతుంది. క్రాంక్‌బెయిట్‌ను రాయికి తగలనిచ్చి, తగలగానే ఆపాలి; అది పైకి తేలే ఆ రెండు క్షణాలే విలువైనవి. టాప్‌వాటర్‌ను లయ తప్పకుండా లాగాలి. నీరు పేలినట్లు చేప పైకి లేచినా చెయ్యి కదపకూడదు. బరువు చేతికి తెలిశాకే గాలం బిగించాలి. కంటితో చూసి లాగినవాడికి ఖాళీ లూర్ ముఖం మీదికి ఎగిరి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పడవ అంచున జరుగుతుంది. మస్కీకి ఒక విచిత్రమైన అలవాటున్నది: లూర్‌ను ఒడ్డు నుంచి పడవదాకా వెంబడించి వచ్చి, కరవకుండా, చూసి వెళ్లిపోతుంది. ఈ చేపల వేటలో నిరాశకు మూలం ఇదే, అవకాశానికి మూలమూ ఇదే. చుట్టడం ఆపి లూర్‌ను నీటిలోంచి ఎత్తేసేవాడు, అంతదూరం వెంబడించి వచ్చిన అతిథి ముఖాన తలుపు వేస్తున్నాడు. దారం చివర మూరెడు మిగిలి ఉండగానే కర్ర కొనను నీటిలోకి దించి, లూర్‌ను పడవ పక్కనే 8 అంకె ఆకారంలో తిప్పాలి. మన ౮ కాదు, రెండు సున్నాలు అంటించినట్లుండే ఇంగ్లీషు 8. మలుపులు వెడల్పుగా ఉండాలి. నాలుగడుగుల శరీరం ఇరుకు మలుపు తిరగలేదు. మలుపు లోపల లోతుగా, మలుపు దాటగానే వేగంగా. మధ్యలో ఆపకూడదు. తొమ్మిదడుగుల పొడవైన కర్రలు వాడుకలోకి రావడానికి ఒక ముఖ్యకారణం ఈ వెడల్పు మలుపే. చేప కనిపించినప్పుడే కాదు, ప్రతి విసురు చివరా ఈ పని చేయాలి. లోతున వచ్చే చేప కంటికి కనిపించదు. ఏ రంగు లూర్‌తోనైనా చేయగలిగిన పని ఇది. అందువల్లనే దీన్ని ఎవరూ పెట్టెలో పెట్టి అమ్మలేరు.

అసలు కారణం అదే. వస్తువును అమ్మవచ్చు, అలవాటును అమ్మలేము. లూర్ల తయారీదారుల ప్రకటనల మీద బతికే పత్రికల్లో రాసిన వ్యాసాలే తర్వాత పుస్తకాలవుతాయి. ఆ వ్యాసాల్లో లూర్ పేరు వాక్యానికి కర్త. మనిషి చెయ్యి అధ్యాహారం. రాసినవారందరూ అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. వాళ్లలో చాలామంది నాకంటే నూరురెట్లు గొప్ప వేటగాళ్లు. కానీ తమకు చేప పడేది తమ చేతివల్లనని వాళ్లకు తెలుసు. పాఠకుడికి చెప్పేది మాత్రం తమ పెట్టెలోని వస్తువు గురించి.

నా వాదనకు రెండు జవాబులు వస్తాయని తెలుసు. మొదటిది: “నమ్మకమున్న లూరే మంచి లూర్.” ఈ మాట ప్రతి పుస్తకంలోనూ ఉన్నది, అందులో నిజమూ ఉన్నది. కానీ నమ్మకం పనిచేసేది ఎవరి మీద? చేపకు మన నమ్మకంతో నిమిత్తం లేదు. నమ్మకమున్న లూర్‌ను మనిషి శ్రద్ధగా లాగుతాడు, మలుపు చివరిదాకా తిప్పుతాడు, గంటల తరబడి మానకుండా విసురుతాడు. పని చేసింది శ్రద్ధ. పేరు వచ్చింది లూర్‌కు. కాబట్టి ఈ మాట నా వాదనను ఖండించడం లేదు, బలపరుస్తున్నది.

రెండోది: “చేతిపనిని మాటల్లో చెప్పలేము, అందుకే రాయము.” సాహిత్యం చదివే మనం ఒప్పుకోకూడని మాట ఇది. శస్త్రచికిత్స గ్రంథాలు కుట్టు ఎలా వేయాలో మాటల్లో చెప్పగలుగుతున్నాయి. కల్లుగీసేవాడు చెట్టెక్కే తీరును, నేతగాడి చేతిలో నాడె పరుగును, పడవవాడు గెడ వేసే లయను చెప్పగల మాటలు తెలుగులోనే ఉన్నాయి. లూర్ల పుస్తకాలను చదివేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి: వాక్యాల్లో విశేషణాలెన్ని, క్రియలెన్ని? ‘మెరిసే’, ‘మహత్తరమైన’, ‘ప్రాణాంతకమైన’ అన్న పదాల కింద గీత గీస్తే పేజీ నిండిపోతుంది. ‘దించు’, ‘ఆపు’, ‘వదులు’, ‘తిప్పు’, ‘వేచి ఉండు’ అన్న క్రియల కోసం వెతుక్కోవాలి. బోధించే వచనానికి క్రియాపదమే ప్రాణం. అది లేని పుస్తకాన్ని వేట పుస్తకమనడం కంటే బొమ్మల కొట్టు జాబితా అనడం న్యాయం.

ఇంతవరకూ డబ్బు సంగతి, వచనం సంగతి. ఇప్పుడు ప్రాణం సంగతి. 1955 జూలైలో మినెసోటాలోని లీచ్ లేక్‌లో, ఎండ మండిపోయిన కొన్ని రోజుల్లో, మస్కీలు డజన్లకొద్దీ పట్టుబడ్డాయి. వరుసగా వేలాడదీసిన చేపలతో తీసిన ఫొటోలు ఈనాటికీ వేట చరిత్రలో అచ్చవుతూనే ఉన్నాయి. ఆ కాలం దాటింది. మినెసోటాలోనే 1966లో ఏర్పడిన మస్కీస్ ఇంక్ వంటి సంఘాల కృషివల్ల పట్టిన మస్కీని తిరిగి నీటిలో వదలడం ఈ వేటలో ధర్మంగా స్థిరపడింది. మినెసోటాలో సాధారణంగా 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఉంచుకోవడం ఇప్పుడు చట్టవిరుద్ధం కూడా. కానీ వదిలిన ప్రతి చేపా బతుకుతుందని ఎవరన్నారు?

ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అనుభవజ్ఞులు తగిన పరికరాలతో పట్టి వదిలిన మస్కీలకు రేడియో పరికరాలు తగిలించి గమనించారు. పట్టి వదిలినందువల్ల చనిపోయిన చేప వాటిలో కనిపించలేదు. ఆ వార్తలో ‘అనుభవజ్ఞులు’, ‘తగిన పరికరాలు’ అన్న మాటలే కీలకం. పెద్ద లూర్‌కు రెండో మూడో ట్రెబుల్ హుక్‌లుంటాయి. అంటే ఆరు నుంచి తొమ్మిది కొక్కేలు. అవి మొప్పల దగ్గర దిగబడితే పీకడానికి పెనుగులాడటం కంటే ఉక్కును తెంచే కట్టర్‌తో కొక్కేన్ని తుంచేయడం మేలు. చేపను పెద్ద వలలోనే, నీటిలోనే ఉంచి ఈ పని చేయాలి. ఫొటో కోసం ఎత్తితే అడ్డంగా, పొట్ట కింద చెయ్యి పెట్టి, కొద్ది క్షణాలే ఎత్తాలి. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీయకూడదు. నీటి వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 27 సెల్సియస్, చేరితే మస్కీ వేట మానుకోవడం బాధ్యత తెలిసినవాళ్ల ఆచారం. వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తక్కువ. పెనుగులాడి అలసిన చేప కోలుకోలేదు. ఈదుకుంటూ వెళ్లినట్లు కనిపించి, మన కంటికి కనపడని చోట చనిపోతుంది.

కొత్తగా మస్కీ వేటకు దిగే పాఠకుడు ఈ పుస్తకాలు చదివి ఏం చేస్తాడు? ఇరవై లూర్లు కొంటాడు. కట్టర్ కొనడు, తగిన వల కొనడు, థర్మామీటర్ కొనడు. ఎందుకంటే వాటికి పుస్తకంలో అధ్యాయాలు లేవు. మొదటి పెద్ద చేప పడిన రోజు, పదిహేనేళ్లు బతికిన ప్రాణి ఇరుకు వలలో, ఎండలో, పడవ అడుగున కొట్టుకుంటూ ఉంటే, ఆ మనిషి చేతిలో చిన్న పట్టకారు ఉంటుంది. ఎకరానికి ఒకటైనా లేని జాతిలో అలాంటి ప్రతి మరణమూ ఆ సరస్సుకు పూడని లోటు. రచయిత ఏ అధ్యాయాన్ని ముందు పెట్టాడు, ఏది వెనక పెట్టాడు అన్నది ఇక్కడ రుచి విషయం కాదు.

వైద్యగ్రంథంలో మందుల పేర్లు వంద పేజీలూ, మోతాదులు, దుష్ఫలితాలు మూడు పేజీలూ ఉంటే ఆ పుస్తకాన్ని అచ్చులోంచి తొలగించమని అడుగుతాం. వేట పుస్తకాల విషయంలో అంత కఠినంగా ఉండనక్కర్లేదు. పాఠకులుగా మనం మూడు ప్రశ్నలు అడిగితే చాలు. చెప్పిన ప్రతి విజయానికీ ఎన్ని గంటల విసుర్లు ఖర్చయ్యాయో రాశాడా? లూర్‌ను లోతు, వేగం, నాచు అన్న క్రమంలో పరిచయం చేశాడా, లేక రంగుతో మొదలుపెట్టాడా? చేపను వదిలే అధ్యాయం పట్టే అధ్యాయంకంటే ముందు వచ్చిందా? మూడింటికీ సమాధానం కాదని వస్తే, ఆ పుస్తకం వెల ఎంతైనా ఎక్కువే.

ఆ డబ్బుతో మూడు లూర్లు కొనవచ్చు: ఒక బక్‌టెయిల్, ఒక జెర్క్‌బెయిట్, ఒక బరువైన రబ్బరు లూర్. అంతకంటే ముందు ఒక పెద్ద వల, ఒక కట్టర్, ఒక థర్మామీటర్, చివరగా ఒక గీతల నోటుపుస్తకం. అందులో చేపలను మాత్రమే కాదు, చేప పడని గంటలను కూడా రాయండి. ఏ లూర్‌తో, ఎంత లోతున, ఎంత వేగంతో, ఎన్ని గంటలు అని. వెంబడించి వెనుదిరిగిన ప్రతి చేపనూ రాయండి. ఒక సీజన్ పూర్తయ్యేసరికి ఆ నోటుపుస్తకంలో, నేను చదివిన మస్కీ గ్రంథాల్లో లేని హారం ఉంటుంది.